జైలు గోడల బయట చికిత్స: నేరస్థుల కోసం ఓపీ గది తెరిచిన మెలిట్టా ష్మిడెబెర్గ్

దొంగతనం చేసి జైలుకు వెళ్లి, శిక్ష ముగించుకుని బయటికి వచ్చి, మళ్లీ అదే పని చేసి మళ్లీ జైలు మెట్లెక్కే మనిషిని ఏం చేయాలి? న్యాయస్థానాలకు ఈ ప్రశ్న కొత్తది కాదు. అయితే, అతన్ని ఇంట్లోనే, ఉద్యోగంలోనే ఉండనిచ్చి, వారానికి ఒకటి రెండుసార్లు వైద్యుడి గదికి రప్పించి మార్చవచ్చా అన్న ప్రశ్న మాత్రం ఇరవయ్యో శతాబ్దంలోనే గట్టిగా వినిపించింది.

ఆ ప్రశ్నను తన జీవితకాలపు పనిగా మలచుకున్న వైద్యుల్లో మెలిట్టా ష్మిడెబెర్గ్ ఒకరు. మనోవిశ్లేషణ చరిత్రలో ఆమె పేరు ఎక్కువగా ఒక కుటుంబ కలహం సందర్భంలోనే వినిపిస్తుంది. ప్రపంచ ప్రసిద్ధురాలైన తల్లిని నిండు సభలో ఎదిరించిన కూతురిగానే చాలామందికి ఆమె తెలుసు. కానీ ఆ కలహం తర్వాత ఆమె చేసిన పని అంతకంటే పెద్దది. నేరం చేసినవారికి జైలు బయట మానసిక చికిత్స అందించడం, మతిస్థిమితానికీ మతిభ్రమణానికీ మధ్య ఎక్కడో ఉండిపోయే మనుషులను గుర్తించడం ఆమె రెండు ప్రధాన కృషులు.

తల్లి చదువు, కూతురి బాల్యం

మెలిట్టా 1904 జనవరిలో రుజోంబెరోక్ పట్టణంలో జన్మించారు. అప్పట్లో అది ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఉండేది. ఇప్పుడు స్లొవేకియాలో ఉంది. తండ్రి ఆర్థర్ క్లెయిన్ రసాయన ఇంజినీరు. తల్లి మెలనీ క్లెయిన్. పసిపిల్లల మనసును ఆటల ద్వారా చదవవచ్చని చెప్పి, ఆ తర్వాతి కాలంలో మనోవిశ్లేషణ రంగాన్నే మలుపు తిప్పిన మెలనీ క్లెయిన్ ఈమే.

అయితే, మెలిట్టా చిన్నతనంలో ఆ తల్లి ఇంకా ప్రసిద్ధురాలు కాదు. తీవ్రమైన దిగులుతో బాధపడుతూ, తరచూ చికిత్స కోసం ఇల్లు విడిచి వెళ్లే గృహిణి ఆమె. ఆ రోజుల్లో మెలిట్టా ఆలనాపాలనా చాలావరకు అమ్మమ్మ లిబుసా చూసుకున్నారు. మెలిట్టాకు ఇద్దరు తమ్ముళ్లు. హాన్స్ 1907లో, ఎరిక్ 1914లో పుట్టారు.

కుటుంబం బుడాపెస్ట్‌కు మారాక మెలనీ క్లెయిన్ అక్కడి ప్రముఖ విశ్లేషకుడు షాందోర్ ఫెరెన్‌జీ వద్ద చికిత్స పొందారు. క్రమంగా ఆ విద్యనే చేపట్టారు. 1919లో బుడాపెస్ట్ మనోవిశ్లేషణ సంఘంలో సభ్యురాలయ్యారు. ఆ సంఘం సమావేశాలకు పదిహేనేళ్ల కూతురిని కూడా వెంట తీసుకెళ్లేవారు. తోటి పిల్లలు ఆటపాటల్లో ఉండే వయసులో మెలిట్టా పెద్దల మానసిక వ్యాధుల గురించిన చర్చలు వింటూ కూర్చునేది.

మెలనీ తన పిల్లలనే పరిశీలించి, ఆ వివరాలను మారుపేర్లతో వ్యాసాలుగా ప్రచురించారు. అప్పటి విశ్లేషకుల్లో అది అరుదైన విషయం కాదు. కానీ తల్లి ఒడిలో ఉండాల్సిన బిడ్డ, తల్లి పరిశోధనకు విషయం కావడం ఎలాంటి ముద్ర వేస్తుందన్నది ఆ కుటుంబ కథలో చివరిదాకా వెంటాడిన ప్రశ్న.

బెర్లిన్‌లో వైద్యవిద్య

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత హంగరీలో యూదులపై ద్వేషం పెరిగింది. క్లెయిన్ దంపతులు విడిపోయారు. మెలనీ 1921లో బెర్లిన్ చేరుకున్నారు. మెలిట్టా కూడా అక్కడికే వెళ్లి బెర్లిన్ విశ్వవిద్యాలయంలో వైద్యశాస్త్రం చదివారు. 1927లో పట్టా పొందారు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. మెలనీ క్లెయిన్‌కు వైద్యురాలు కావాలని బలమైన కోరిక ఉండేది. పెళ్లి కారణంగా అది తీరలేదు. ఆ పట్టా కూతురికి దక్కింది. తర్వాతి రోజుల్లో ఇద్దరూ ఒకే వేదిక మీద వాదించుకున్నప్పుడు, ఆసుపత్రి అనుభవం ఉన్న వైద్యురాలిగా మెలిట్టా మాట్లాడేవారు. పట్టా లేని ప్రతిభావంతురాలిగా తల్లి బదులిచ్చేవారు.

మెలిట్టా 1924లో వాల్టర్ ష్మిడెబెర్గ్‌ను వివాహమాడారు. ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రియా సైన్యంలో అధికారి. ఫ్రాయిడ్ కుటుంబానికి సన్నిహితుడు. ఆమెకంటే పద్నాలుగేళ్లు పెద్ద. మెలనీ క్లెయిన్ 1926లో ఎర్నెస్ట్ జోన్స్ ఆహ్వానంపై లండన్‌కు తరలి వెళ్లగా, మెలిట్టా 1928లో అక్కడికి చేరుకున్నారు. 1930, 1931 సంవత్సరాల్లో ఆమె రాసిన తొలి వ్యాసాలు సైకోసిస్ లక్షణాల మీదే. తనను ఎవరో వెంటాడుతున్నారని, హాని తలపెడుతున్నారని రోగి గట్టిగా నమ్మే భ్రాంతులు ఎలా పుడతాయన్నది వాటిలో ఒకదాని విషయం. అప్పటికి ఆమె ఆలోచన తల్లి ఆలోచనకు చాలా దగ్గరగా ఉండేది.

లండన్‌లో ఒక కొత్త క్లినిక్

సరిగ్గా ఆ రోజుల్లోనే లండన్‌లో మరో ప్రయత్నం మొదలైంది. గ్రేస్ పెయిల్‌థోర్ప్ అనే వైద్యురాలు హాలోవే మహిళా కారాగారంలో ఖైదీలను పరిశీలించారు. వారిలో చాలామందికి శిక్ష కన్నా చికిత్స అవసరమన్న నిర్ణయానికి వచ్చారు. ఆమె చొరవతో 1931లో ఒక సంఘం ఏర్పడింది. మరుసటి ఏడాది అది నేరప్రవృత్తికి శాస్త్రీయ చికిత్స అందించే సంస్థగా పేరు మార్చుకుంది. సిగ్మండ్ ఫ్రాయిడ్, కార్ల్ యూంగ్, రచయిత హెచ్.జి. వెల్స్ వంటివారు దానికి అండగా తమ పేర్లు ఇచ్చారు.

1933లో ఆ సంస్థ క్లినిక్ తెరిచింది. మేజిస్ట్రేట్లు, ప్రొబేషన్ అధికారులు పంపినవారు అక్కడికి వచ్చేవారు. మన ఊళ్లలో ఆసుపత్రి ఓపీకి వెళ్లి చూపించుకుని సాయంత్రానికి ఇంటికి చేరినట్టే, వారూ చికిత్స పొంది ఇంటికి తిరిగి వెళ్లేవారు. ఆ కాలానికి అది సాహసమే. నేరం చేసిన మనిషికి రెండే చోట్లు ఉంటాయని సమాజం నమ్మేది. ఒకటి కారాగారం. రెండోది పిచ్చాసుపత్రి. రెండింటికీ గోడలుంటాయి. గోడలు లేని మూడో చోటు ఉండవచ్చని ఆ క్లినిక్ చూపించింది.

ఎడ్వర్డ్ గ్లోవర్ ఆ సంస్థకు మూలస్తంభాల్లో ఒకరు. మెలిట్టా ఆయన వద్ద మనోవిశ్లేషణ పొందారు. ఆయనతో కలిసి ఆ క్లినిక్‌లో పనిచేశారు. ఆమె జీవితాన్ని మలుపు తిప్పిన పరిచయం అదే. సంపన్నుల సోఫాల మీద పడుకుని కలలు వివరించే రోగులకు బదులు, కోర్టు కాగితం పట్టుకుని అయిష్టంగా వచ్చే యువకులు ఆమెకు ఎదురయ్యారు. పుస్తకాల్లోని పద్ధతి వారి మీద పనిచేయలేదు.

తమ్ముడి మరణం

1934 ఏప్రిల్‌లో తమ్ముడు హాన్స్ టాట్రా పర్వతాల్లో జరిగిన ప్రమాదంలో మరణించాడు. వయసు ఇరవై ఏడు. అది ప్రమాదం కాదని, ఆత్మహత్య కావచ్చని మెలిట్టా భావించారు. తల్లి అంగీకరించలేదు. అంత్యక్రియలకు కూడా వెళ్లలేని దుఃఖంలో మునిగిన మెలనీ, ఆ శోకాన్ని తర్వాత తన సిద్ధాంతంలోకి తీసుకున్నారు. 1940లో వియోగ దుఃఖం మీద ఆమె ప్రచురించిన వ్యాసంలో మారుపేరుతో కనిపించే తల్లి ఆమేనని పరిశోధకులు చెబుతారు.

ఆ తర్వాత తల్లీకూతుళ్ల మధ్య దూరం పూడ్చలేనిదైంది. తాను ఎదిగిన మనిషినని, తల్లి అభిప్రాయాలన్నింటినీ తానూ పంచుకోవాలని ఆశించడం న్యాయం కాదని మెలిట్టా ఆ రోజుల్లో తల్లికి లేఖ రాశారు. బ్రిటిష్ మనోవిశ్లేషణ సంఘం సమావేశాల్లో ఇద్దరూ బహిరంగంగా తలపడ్డారు. తల్లీబిడ్డల బంధం మీదే చూపు నిలిపిన మెలనీ సిద్ధాంతంలో తండ్రికి చోటెక్కడని మెలిట్టా కాలు నేలకేసి కొట్టి అడిగిన ఘటనను సమకాలికులు తర్వాత గుర్తు చేసుకున్నారు.

ఆ కలహం వ్యక్తిగతమైనది మాత్రమే కాదు. మెలిట్టా లేవనెత్తిన అభ్యంతరాల్లో ఒకటి నేటికీ విలువైనదే. రోగి ఊహాలోకాన్నే తవ్వుతూ పోతే, అతని పేదరికం, ఇంటి పరిస్థితి, ఉద్యోగం, ఎదుగుతున్న సమాజం అన్నీ కనుమరుగవుతాయని ఆమె వాదించారు. మనోవిశ్లేషణతో మనిషి సంపూర్ణంగా బాగుపడతాడన్న ఆశ అతిశయోక్తి అని 1938లోనే రాశారు. ఆ మాట ఆ వృత్తిలో ఉన్నవారికి రుచించలేదు.

1938లో ఫ్రాయిడ్ కుటుంబం వియన్నా నుంచి లండన్ చేరింది. అన్నా ఫ్రాయిడ్, మెలనీ క్లెయిన్ వర్గాల మధ్య వాదం ముదిరింది. యుద్ధకాలంలో, బాంబుల మోత మధ్యే ఆ చర్చలు సాగాయి. గ్లోవర్ 1944లో సంఘానికి రాజీనామా చేశారు. మరుసటి ఏడాది మెలిట్టా అమెరికా వెళ్లిపోయారు.

న్యూయార్క్‌లో వారానికో గంట

న్యూయార్క్‌లో ఆమె బాల నేరస్థులతో, ప్రొబేషన్‌పై లేదా పెరోల్‌పై ఉన్న పెద్దలతో పనిచేశారు. 1950లో కొందరు సహచరులతో కలిసి నేరస్థుల మానసిక చికిత్స సంఘాన్ని స్థాపించారు. ఆంగ్ల అక్షరాలతో ఆప్టో అని పిలిచే ఈ సంఘం, డబ్బు చెల్లించలేని నేరస్థులకు ఔట్‌పేషెంట్ చికిత్స అందించేందుకు వైద్యులను కూడగట్టింది.

ఆమె అక్కడ రూపొందించుకున్న పద్ధతి సాధారణ మనోవిశ్లేషణకు దాదాపు వ్యతిరేకం. మామూలు రోగి బాధ భరించలేక తానే వైద్యుడిని వెతుక్కుంటూ వస్తాడు. నేరస్థుడు అలా రాడు. న్యాయమూర్తి పంపితే వస్తాడు. వైద్యుడిని పోలీసు మనిషిగా అనుమానిస్తాడు. అలాంటివాడి ముందు వైద్యుడు మౌనంగా కూర్చుంటే రెండో వారానికే మాయమవుతాడు. అందుకే వైద్యుడే ముందు మాట్లాడాలని, నమ్మకం సంపాదించాలని, ఉద్యోగం, అద్దె, కోర్టు తేదీ వంటి రోజువారీ చిక్కుల్లో తోడు నిలవాలని ఆమె చెప్పారు. ప్రొబేషన్ అధికారితో కలిసి పనిచేయాలన్నారు.

చికిత్స తొలి లక్ష్యం అంతరంగ రహస్యాలు వెలికితీయడం కాదు. ఆ మనిషి మళ్లీ నేరం చేయకుండా ఈ వారం గడపడం. తర్వాత వచ్చే వారం. ఆ తర్వాత మరో వారం. చట్టానికి లోబడి బతకడం నేర్చుకున్న కొద్దీ అతని మనసు కూడా కుదుటపడుతుందని ఆమె నమ్మారు.

ఇందులో ఆమె ఎవరినీ పూర్తిగా సంతోషపెట్టలేదు. నేరస్థుడికి జైలే మందు అనేవారికి ఆమె మెతక మనిషిలా కనిపించారు. నేరస్థుడు పరిస్థితుల బాధితుడు మాత్రమే అనేవారికి ఆమె కఠినంగా కనిపించారు. ఎందుకంటే, అనారోగ్యం పేరు చెప్పి బాధ్యత నుంచి తప్పించుకోనివ్వకూడదని ఆమె పట్టుబట్టేవారు. నువ్వు చేసింది తప్పు అని చెప్పడం, నీ మీద నాకు ఆశ ఉంది అని చెప్పడం పరస్పర విరుద్ధాలు కావన్నది ఆమె పని సారాంశం.

1957లో ఆ సంఘం ఒక పత్రికను ప్రారంభించింది. పేర్లు మార్చుకుంటూ, అంతర్జాతీయ రూపం సంతరించుకుని, తులనాత్మక నేరశాస్త్రాన్ని కూడా కలుపుకుని ఆ పత్రిక ఇప్పటికీ వెలువడుతోంది. నేరస్థుల చికిత్సపై పరిశోధనలకు అది ఒక ముఖ్య వేదిక.

గీత మీద నిలిచిన మనుషులు

కోర్టు నుంచి వచ్చిన మనిషిని చూసిన వైద్యుడికి మొదట ఎదురయ్యే ప్రశ్న రోగ నిర్ధారణ. పొరుగువాడు తనకు విషం పెడుతున్నాడని నమ్మి అతనిపై దాడి చేసినవాడు ఒక రకం. అతనికి లోకంతో సంబంధం తెగిపోయింది. వైద్యులు దాన్ని సైకోసిస్ అంటారు. తాను చేస్తున్నది తప్పని తెలిసీ, మనోవేదన వల్ల ఆపుకోలేనివాడు ఇంకో రకం. ఏ వేదనా లేకుండా లాభం కోసమే చేసేవాడు మరో రకం.

చట్టానికి కావాల్సింది ఒక్క సమాధానం. మతి ఉందా, లేదా? 1843లో ఇంగ్లండ్‌లో రూపుదిద్దుకున్న మెక్‌నాటన్ సూత్రాలు అదే అడిగాయి. వాటి ప్రభావంతో 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 84వ సెక్షన్ వచ్చింది. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షన్ ఆ స్థానంలో ఉంది. నేరం చేసే సమయంలో మతిస్థిమితం లేక, తన చర్య స్వభావం గానీ, అది తప్పు లేదా చట్టవిరుద్ధమన్న సంగతి గానీ తెలుసుకోలేని స్థితిలో ఉన్నవాడి చర్య నేరం కాదన్నది దాని సారం.

మెలిట్టా ముందు కూర్చున్నవారిలో చాలామంది ఈ గీతకు అటూ కాదు, ఇటూ కాదు. వారికి నిరంతర భ్రాంతులు లేవు. అలాగని మామూలుగానూ లేరు. చెప్పిన సమయానికి రారు. ఫీజు ఇస్తామని ఇవ్వరు. ఏ క్రమానికీ కట్టుబడలేరు. ఈ రోజు వైద్యుడిని దేవుడంటారు, రేపు గుమ్మం దాటి వెళ్లి తిరిగి రారు. చిన్నచిన్న నేరాలు, గొడవలు, తెగిపోయే బంధాలు వారి జీవితాన్ని నింపేస్తాయి. ఒత్తిడి పెరిగితే కొంతసేపు వాస్తవ స్పృహ కూడా జారిపోవచ్చు.

ఇలాంటివారిని బోర్డర్‌లైన్ రోగులని అప్పటికే కొందరు పిలుస్తున్నారు. 1938లో అమెరికా విశ్లేషకుడు అడాల్ఫ్ స్టెర్న్ ఆ వర్గాన్ని వివరంగా వర్ణించారు. ఇది సైకోసిస్‌కు తొలి మెట్టు అని, ఏదో ఒక రోజు స్కిజోఫ్రేనియాగా బయటపడుతుందని చాలామంది వైద్యులు భావించేవారు. మెలిట్టా 1947లోనూ, 1959లో అమెరికా మనోవైద్య మహాగ్రంథంలో రాసిన అధ్యాయంలోనూ వేరే చిత్రం చూపించారు. ఈ రోగులు మామూలు మనుషులు, మనోవేదన ఉన్నవారు, సైకోసిస్ రోగులు, సంఘవిరోధ ప్రవృత్తి గలవారు అనే నాలుగు వర్గాల లక్షణాలనూ పంచుకుంటారని ఆమె అన్నారు. ఏళ్ల తరబడి వారు అదే స్థితిలో ఉంటారనీ, వారి అస్థిరతే ఒక స్థిర లక్షణమనీ గుర్తించారు.

ఈ తేడా మాటల్లో చిన్నదిగా కనిపించవచ్చు. రోగి జీవితంలో అది చాలా పెద్దది. సైకోసిస్ అని ముద్ర వేస్తే ఆ రోజుల్లో ఏళ్ల తరబడి ఆసుపత్రిలో బంధించే ప్రమాదం ఉండేది. ఏ జబ్బూ లేదంటే జైలు తప్పదు. ఇది మూడో స్థితి అని చెప్పగలిగితే, ఔట్‌పేషెంట్ చికిత్సకు దారి తెరుచుకుంటుంది. ఆమె చేసిన రెండు పనులూ ఒకదానితో ఒకటి ముడిపడింది ఇక్కడే.

ఆమె మరణానికి మూడేళ్ల ముందు, 1980లో, అమెరికా మనోవైద్య సంఘం తన రోగ నిర్ధారణ గ్రంథం మూడో కూర్పులో బోర్డర్‌లైన్‌ను వ్యక్తిత్వ లోపంగా చేర్చింది. అందులో అనేకమంది కృషి ఉంది. అయితే, క్రమం తప్పిన జీవితాన్నే ప్రధాన లక్షణంగా గమనించిన తొలి తరం వైద్యుల్లో మెలిట్టా ఉన్నారు.

లోటుపాట్లు

ఆమె పనిని నేటి కొలబద్దతో చూస్తే లోపాలు స్పష్టంగా కనిపిస్తాయి. ఆమె నిర్ధారణలు చాలావరకు కేసు చరిత్రల మీద, సొంత అనుభవం మీద ఆధారపడ్డాయి. చికిత్స పొందినవారిని, పొందనివారిని పక్కపక్కన పెట్టి లెక్క తేల్చే పరిశోధన అప్పటికి ఈ రంగంలో వేళ్లూనుకోలేదు. బాగుపడినవాడు చికిత్స వల్లే బాగుపడ్డాడా, వయసు పెరిగి మారాడా అన్నది కేసు చరిత్ర చెప్పలేదు.

1974లో అమెరికా సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మార్టిన్సన్ రెండు వందలకు పైగా అధ్యయనాలను సమీక్షించి, నేరస్థులను సంస్కరించే కార్యక్రమాల ఫలితాలపై గట్టి సందేహం లేవనెత్తారు. ఆ దెబ్బకు చాలాచోట్ల చికిత్స కార్యక్రమాలపై విశ్వాసం సడలింది. తర్వాతి దశాబ్దాల్లో జరిగిన పరిశోధనలు మాత్రం, ఆలోచనా విధానాన్ని, రోజువారీ నడవడికను నేరుగా సరిదిద్దే చికిత్సలు కొంతమేర ఫలిస్తాయని చూపాయి. గతాన్ని తవ్వడం కన్నా ఈ వారం ఎలా గడపాలన్నదానికే పెద్దపీట వేసిన మెలిట్టా పద్ధతికి ఆ ధోరణి దూరమైనది కాదు.

చివరి సంవత్సరాలు

భర్త వాల్టర్ 1954లో స్విట్జర్లాండ్‌లో కన్నుమూశారు. అప్పటికే ఇద్దరూ వేర్వేరుగా జీవిస్తున్నారు. మెలనీ క్లెయిన్ 1960 సెప్టెంబరులో లండన్‌లో మరణించారు. తల్లీకూతుళ్లు చివరిదాకా కలవలేదు. అంత్యక్రియలు జరిగిన రోజు మెలిట్టా అదే నగరంలో ఎర్రని బూట్లు వేసుకుని ఉపన్యాసం ఇచ్చారని జీవితచరిత్రకారులు రాశారు. దాన్ని కొందరు కాఠిన్యం అన్నారు. తీరని గాయమని మరికొందరు అన్నారు.

మరుసటి ఏడాది ఆమె లండన్‌కు తిరిగి వచ్చారు. 1962లో బ్రిటిష్ మనోవిశ్లేషణ సంఘానికి రాజీనామా చేశారు. 1971లో బ్రిటన్‌లో మనోవిశ్లేషణ ఉద్యమ చరిత్రపై విమర్శనాత్మక వ్యాసం ప్రచురించారు. 1983 ఫిబ్రవరిలో, 79 ఏళ్ల వయసులో మరణించారు. ఐదేళ్ల తర్వాత నాటక రచయిత నికొలస్ రైట్, హాన్స్ మరణం నాటి తల్లీకూతుళ్ల ఘర్షణ మీద ఒక నాటకం రాశారు. దాంతో మెలిట్టా పేరు మళ్లీ లోకానికి గుర్తొచ్చింది. కానీ వేదిక మీద కనిపించింది కోపగించిన కూతురే. న్యూయార్క్‌లో కోర్టు కాగితాలతో వచ్చినవారి కోసం ఎదురుచూసిన వైద్యురాలు కాదు.

మిగిలిన ఫలం

లండన్‌లో 1933లో తెరిచిన ఆ క్లినిక్ 1948లో జాతీయ ఆరోగ్య సేవలో చేరి పోర్ట్‌మన్ క్లినిక్ అయింది. నేరప్రవృత్తి, హింసా ధోరణి ఉన్నవారికి ఔట్‌పేషెంట్ చికిత్స అందించే కేంద్రంగా అది పేరు పొందింది.

జైలు బయటే మనిషిని సరిదిద్దవచ్చన్న ఆలోచన మన నేలకూ దూరం కాలేదు. 1930లలోనే మద్రాసు ప్రెసిడెన్సీ ప్రొబేషన్ చట్టం చేసింది. అప్పట్లో కోస్తా, రాయలసీమ జిల్లాలు అందులో భాగమే. దేశమంతటికీ వర్తించే నేరస్థుల ప్రొబేషన్ చట్టం 1958లో వచ్చింది. తగిన కేసుల్లో దోషిని జైలుకు పంపకుండా, ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణలో ఇంటివద్దే ఉంచే అధికారం న్యాయస్థానానికి దాని ద్వారా దక్కింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు వైద్య విభాగంలో మానసిక ఆరోగ్య కేంద్రం ఉండాలని నిర్దేశించింది.

చట్టం తలుపు తెరవగలదు. ఆ తలుపు అవతల కూర్చుని, అయిష్టంగా వచ్చిన మనిషితో ఓపికగా మాట్లాడే వైద్యుడు, అతని గైర్హాజరీని నేరంగా కాక రోగలక్షణంగా చదవగల అధికారి ఉంటేనే ఆ తలుపుకు అర్థం ఉంటుంది. మెలిట్టా ష్మిడెబెర్గ్ తన జీవితంలో ఎక్కువ భాగం ఆ కుర్చీలోనే గడిపారు.